ఒక్కటే అని చెప్పిన

మందు పోసుట్ల నాకు పేరుంది. తాగుట్ల కాదు, పోసుట్ల. నేను తాగితే రెండో గుటకకే కడుపుల మంట లేస్తది, తెల్లారేదాంక సోడా తాగుకుంట కూసుంట. కానీ మా ఇంట్ల దావత్ అయిందంటే సీసా నా చేతులనే ఉండాలె. ఎవలకు నీళ్లు ఎక్వ, ఎవలకు సోడా, ఎవలు మూడో గిలాసకు ఏడుపు షురూ జేస్తరు, ఎవలు నాలుగోదానికి పాత పంచాయితీ బయటికి తీస్తరు, అన్నీ నాకెరికే. సైదాబాద్‌ల ఉండే మా చిన్నాయిన ఒకసారి అందరి ముంగట అన్నడు, వీనిది పెట్టే చెయ్యిరా అని. ఆ ఒక్క మాటకు నేను నెలరోజులు మురిసిన. ఇప్పుడది యాదికొస్తే నా మొకం మీద నాకే ఉమ్మెయ్యబుద్ధయితది.

ఇది మా బాపు నేర్పిన పని. ఇంటల్లుని గిలాస ఖాళీగ కనిపియ్యొద్దు అనేటోడు. ఆయన వద్దంటడు, అది ఆయన మర్యాద. మనం పోస్తం, అది మన మర్యాద. మూడుసార్లు వద్దన్నోనికి నాలుగోసారి పొయ్యకపోతే, వాళ్లింట్ల చెయ్యి గట్టిదని బస్తీ మొత్తం పాకుతది. గిట్లనే పెరిగినం మేము. వద్దు అని ఒక మనిషి నోరు తెరిచి చెప్తే, నిజంగనే వద్దంటుండేమో అని ఆలోచన చేసినోడు మా ఖాందాన్‌ల ఒక్కడు లేడు.

అక్క నాకన్న నాలుగేండ్లు పెద్దది. బాపు డ్యూటీకి, అమ్మ పనికి పోతే నా ముక్కు తుడిచి, అంగీ గుండీలు పెట్టి, చెయ్యి పట్కొని బడికి తోల్కపోయింది ఆమెనే. కార్వాన్‌ల ఇచ్చినం. ఇంట్లనే మగ్గం పెట్టుకొని పెండ్లి జాకెట్ల మీద జరీ, పూసలు కుడ్తది. ఆమె కుట్టిన జాకెట్ ఏసుకున్న పెండ్లిపిల్లను ఫంక్షన్ హాల్ల ఆడోళ్లు చుట్టుముట్టి, ఎవలు కుట్టిన్రు, నంబరియ్యి అని అడుగుతరు. నేను నా కండ్లతోని చూసిన.

బావ మంచోడు. ఈ మాట అందరు బావల గురించి అంటరు గని మా బావ నిజంగనే మంచోడు, ఒక్క మందు కాడ తప్ప. పెండ్లయిన కాడి నుంచి పదేండ్లు ఆయన అక్కకు చుక్కలు చూపెట్టిండు. గోదాం కొలువు నుంచి ఇంటికొచ్చేటప్పటికి కండ్లు ఎర్రగుంటుండె. అడిగితే దుమ్ము పడ్డదనేటోడు. బండి డిక్కీల గుడ్డపేలికల కింద క్వార్టర్ సీసాలు దొరుకుతుండె. ఒకసారి దేవుని పటాల ఎనక గూడ దొరికింది. అక్క కట్టుకున్న బట్టల మీద మా ఇంటికొచ్చి ఆర్నెల్లు ఉంది. అప్పుడు నాతోని ఒక మాట అన్నది. తాగితే తాగిండు తమ్మీ, తాగి నా కండ్లల్లకు చూసి తాగలేదంటడు సూడు, అది నాతోని కాదు అన్నది.

ఆఖరికి ఇద్దరు ఒక ఒప్పందం చేసుకున్నరు. తాగాలంటే అక్క కండ్ల ముంగట, చుట్టాల దావత్‌ల తాగాలె. ఒక్కటి దాటిందంటే బండి తాళంచెవి అక్క చేతికి పోతది. దానికోసమని ఆమె స్కూటీ నేర్చుకొని లైసెన్స్ గూడ తీస్కున్నది. ఆరేండ్లు బావ ఆ మాట మీద నిలబడ్డడు. ఎన్నో దావత్‌లల్ల చూసిన నేను, అక్క ముందు కూసొని నడుపుతుంటే బావ ఎనక ఒళ్ల సంచి పెట్టుకొని బుద్ధిమంతుని లెక్క కూసునేటోడు. ఒక్కటి తాగి నడిపితే ఏం కాదని వాళ్లిద్దరు అనుకున్నరు. మేమందరం గూడ గదే అనుకున్నం. ఒక్కటి తాగినోని కన్ను, చెయ్యి గూడ ఆయన మాట వినవని మాకు ఎవలు చెప్పలే, చెప్పినా మేం వినెటోళ్లం కాదు.

ఇగ బోనాలు. మాది మాదన్నపేట, కూరగాయల మార్కెట్ ఎనక గల్లీ. పాతబస్తీ బోనాలంటే ఆయితారం బోనం, సోమారం ఊరేగింపు. ఆ రెండొద్దులు వైన్స్ బంద్ ఉంటయి. బంద్ ఉంటయని అందరికి తెల్సు కాబట్టి శనారం నాడే వైన్స్ ముంగట లైన్ కట్టి, రెండొద్దులకు సరిపోయేది కాక నాలుగొద్దులకు సరిపోయేది తెచ్చిపెట్టుకుంటం. బంద్ పెట్టినోళ్లకు మేం చెప్పిన జవాబు అది. నేను తెచ్చిన సీసాలు బియ్యం డ్రమ్ము ఎనక దాచిన, అమ్మ చూస్తే లొల్లి చేస్తదని.

సోమారం పగటీలి మిద్దె మీద షామియానా ఏసినం. చిన్నాయిన, ఆయన కొడుకులిద్దరు, బావ, నేను. కింద ఆడోళ్లు. నా ఇంటామె బోటి కూర, ఉడుకబెట్టిన గుడ్లు, పల్లీలు పట్కొని మెట్లెక్కుకుంట దిగుకుంట ఉంది. దూరంగ డప్పులు ఇనిపిస్తున్నయి. మొదటి గిలాస బావ అడిగి పోయించుకున్నడు. రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టిండు, నేను ఏళ్ల సందుల నుంచి పోసిన, అందరు నవ్విన్రు. మూడోది ఆయన చిన్నాయినతోని మాట్లాడుకుంట అటు తిరిగినప్పుడు పోసిన. నాలుగోదానికి బావ గిలాస బోర్లిచ్చిండు.

"ఇగ సాలు బామ్మర్దీ. మీ అక్కను ఎక్కించుకొని పోవాలె" అన్నడు.

నేను ఆ గిలాసను మల్ల సక్కగ నిలబెట్టిన. ఇయ్యాల చెకింగ్ యాడుంటది బావా, వైన్సే బంద్ ఉంటే, పోలీసోళ్లందరు ఊరేగింపు ఏనుగు ఎనక నడుస్తుంటే అన్న. చిన్నాయిన తొడ సరిచి నవ్విండు. ఆయన పెద్దకొడుకు, బావకు పోలీసోళ్ల భయం కాదన్నా, అక్క భయం అన్నడు. మల్ల నవ్విన్రు. బావ గూడ నవ్వి గిలాస ఎత్తిండు. నీళ్లు తక్వ పోసిన నేను, పండుగ కదా అని.

మేం భయపడ్డది పోలీసోడు నోట్ల పెట్టే పైపుకు. రోడ్డుకు మేం ఎన్నడు భయపడలే.

నాలుగు గంటల యాళ్ల అందరు కిందికి దిగిన్రు. బావ నల్లా కాడ మొకం కడుక్కుంటున్నడు. అక్క అప్పటికే కూర డబ్బా, పసుపుకుంకుమ సంచిల పెట్టుకొని తయారుగ ఉంది. గోడ మేకుకు ఉన్న బండి తాళంచెవి తీసి చేతుల పట్టుకున్నది. నన్ను వంటింటి దర్వాజ కాడికి పిలిచింది.

"తమ్మీ, నిజం చెప్పు. ఎన్ని తాగిండు?"

నా ఎనక చిన్నాయిన, ఆయన కొడుకులు చెప్పులేసుకుంటున్నరు. పోయినేడు ఇదే గల్లీల బావ ఎనక సీటు మీద కూసుంటే, చీర గూడ నువ్వే కట్టుకోరాదు బావా అన్నడు వాళ్లల్ల ఒకడు. బావ మొకం ఆ రోజు ఎట్లయిందో నాకు యాదికుంది. ఇంటల్లుని ఇజ్జత్ మా గడప కాడ పోవద్దనుకున్న. ఇది నేను తర్వాత అందరికి చెప్పుకోవాలని దాచిపెట్టుకున్న మంచి కారణం. అసలు కారణం ఇంకోటుంది. నాలుగు అంటే, పోసింది ఎవడు అని అడుగుతది. పండుగ పూట అందరి ముంగట నన్ను తిడ్తది. ఆ తిట్లు తప్పించుకోవాలనుకున్న. అంతే.

"ఒక్కటే అక్కా" అన్న.

ఆమె నా మొకంల చూసింది. రెండోసారి అడగలే. నన్ను ఆమె ఎన్నడు ఏ ముచ్చట రెండోసారి అడగలే. బావ దగ్గరికి పోయి తాళంచెవి ఆయన చేతుల పెట్టి, జర మెల్లగ పోనియ్యి, తొవ్వంత జనం ఉన్నరు అన్నది. బావ నా దిక్కు చూసిండు. నేను కన్నుగొట్టిన. మా ఇంటామె పొయ్యి కాడ నిలబడి అంతా వింటున్నది. గుడ్ల పళ్లెం మూడుసార్లు పైకి తెచ్చింది ఆమెనే, నేను ఎన్ని పోసిన్నో ఆమెకు బరాబర్ తెల్సు. ఆమె మొకం చూడలేక నేను గేటు తీయనీకె పోయిన.

గిలాసలు కడిగి బోర్లిస్తుంటే ఫోన్ మోగింది. అక్క నంబర్. ఎత్తితే ఎవలో మగమనిషి గొంతు. భాయ్, ఆప్ ఇస్ బెహెన్ కే భాయీ హై క్యా, ఎక్సిడెంట్ హోగయా, జల్ది ఆవో అన్నడు. ఎనక డప్పుల మోతల ఇంకేం ఇనపడలే. అమ్మకు చెప్పకుంటనే బండి తీసిన.

మూసీ పొంటి రోడ్డు మీద, ఊరేగింపు కోసం తొవ్వ మూసి ఇనుప బారికేడ్లు అడ్డంపెట్టిన మలుపు కాడ అయింది. మలుపు తిరగంగనే బారికేడ్ కనపడ్డదట, కనపడ్డది గని చెయ్యి బ్రేకు మీదికి పోయేటాల్లకు ఆలస్యమైంది. బండి పోయి దాన్ని గుద్ది పక్కకు పడ్డది. అక్క కిందపడుకుంట కుడిచెయ్యి నేలకు ఆనిచ్చింది, ఆ చెయ్యి మీదనే బండి హ్యాండిల్ పడ్డది. నాకు ఫోన్ చేసింది అక్కడి చాయ్ హోటలాయిన. తన భుజం మీది రుమాలు ఆమె చేతికి చుట్టి, ఆటోల కూసోబెట్టి, నేనొచ్చేదాంక పక్కకు నిలబడ్డడు. బారికేడ్ ఎనకాల అమ్మవారి ఘటం చూడనీకె ఆడోళ్లు, చిన్న పిల్లలు నిలబడి ఉన్నరు. అల్లాహ్ నే బచాయా, ఏ లోహా నై రహతా తో బచ్చోఁ పే జాతీ థీ గాడీ అన్నడు ఆయన. ఒక పిల్ల చేతుల ఊదే పీక పట్కొని మా దిక్కే చూస్తున్నది. ఆ పిల్ల ఎన్నోసార్లు నాకు యాదికొస్తది. ఆ ఇనుము లేకపోతే నేను పోసిన నాలుగో గిలాస ఆ పిల్ల మీదికి పోతుండె.

దవాఖానల బావ నుదురుకు కుట్లేసిన్రు. ఒక కానిస్టేబుల్ వచ్చి ఆయన రక్తం తీయించిండు. తర్వాత నా దిక్కు తిరిగి, మీ ఇంటికాడి నుంచే వచ్చిన్రంట కదా, ఎంత తాగిండు అని అడిగిండు. అప్పుడన్న చెప్పొచ్చు. అక్క లోపట ఆపరేషన్ థియేటర్‌ల ఉంది, చిన్నాయిన లేడు, నవ్వెటోడు లేడు, ఇజ్జత్ అడిగెటోడు లేడు. అయినా నా నోట్లకెళ్లి మల్ల గదే మాటొచ్చింది, మా ఇంట్ల ఒక్కటే తాగిండు సార్ అని. పోసినోని మీద గూడ కేసైతదేమో అని భయమైంది. స్ట్రెచర్ మీద పండుకున్న బావ నా దిక్కు చూసిండు.

అబద్ధం ఒకసారి ఆడితే ఆగుతదనుకుంటం. అది ఆగలే. రిపోర్టు వచ్చినంక ఆ కానిస్టేబులే అక్కతోని అన్నడట, ఒక్క పెగ్గుకు గింత రాదమ్మా, ఇది మస్తు తాగిన రక్తం అని. చేతికి కట్టుతోని మంచం మీద ఉన్న అక్క ఆ మాట పట్టుకున్నది. తమ్ముడింట్ల ఒక్కటే తాగిండు. రక్తంల మస్తు ఉంది. అంటే మిగిలింది యాడ తాగిండు? డిక్కీల తాగిండు. దేవుని పటాల ఎనక తాగిండు. ఆరేండ్ల నుంచి నన్ను మోసం చేస్తనే ఉన్నడు. గిట్ల లెక్క కట్టింది ఆమె. బావ చెప్పిండు, నాలుగు తాగిన, అన్నీ మీ అమ్మగారింట్ల మిద్దె మీదనే తాగిన, నీ తమ్ముడు పోసిండు అని. అక్క ఒకటే మాట అన్నది, నేను అక్కడనే నిలబడి ఉన్న.

"నా తమ్ముడు నాతోని అబద్ధమాడడు" అన్నది.

నేను కిటికిల నుంచి బయటికి చూసిన. కింద ఒకామె కొబ్బరిబోండాలు అమ్ముతున్నది. ఆమెనే చూసుకుంట నిలబడ్డ.

చుట్టాలు వచ్చి తలా ఒక మాట అన్నరు. ఈసారి బోనంల ఏదో లోపమైందని ఒకరు, అమ్మవారికి కోపమొచ్చిందని ఒకరు, బండికి నిమ్మకాయ కట్టలేదని ఒకరు. చిన్నాయిన అయితే గండం గడిచింది, పిండం బయటపడ్డదని సంబురం గూడ చేసిండు. నాకు లోపట మండింది. అమ్మవారు పోసిందా గిలాసల? అమ్మవారు అన్నదా ఒక్కటే అని? గట్టిగ అందామనుకున్న. కానీ అందరు తప్పు దేవత మీద ఏస్తుంటే నా మీద నుంచి బరువు దిగినట్టె అనిపించింది, ఊకున్న. నేను ఎంత సిగ్గులేనోన్నో నాకు అప్పుడే తెల్సింది.

దవాఖాన నుంచి అక్క కార్వాన్ పోలే. నా తమ్ముడున్నడు అని మా ఇంటికొచ్చింది. ముందటి అర్రల ఆమెకు మంచమేసినం. కుడిచేతి మణికట్టుల రాడ్లు, రెండు ఏళ్లు నుజ్జయినయి. డాక్టర్ పిడికిలి వస్తదన్నడు గని, సూది పట్టుకునే సంగతి ఇప్పుడే చెప్పలేనన్నడు. శ్రావణం ముహూర్తాలు ముంగట పడ్డయి. ఒకామె సగం కుట్టిన జాకెట్ వాపస్ తీస్కపోనీకె వచ్చింది, పాపం ఆమెకు గూడ ఏడుపొచ్చింది. ఒక పగటీలి నేను అన్నానికొస్తే అక్క దర్వాజ దగ్గరేసి కూసున్నది. సందుల నుంచి చూసిన. కట్టు బయటికి కనపడే ఏళ్ల కొనల నడ్మ సూది పెట్టుకొని, ఎడమచేత్తోని ఆ ఏళ్లను దగ్గరికి ఒత్తుతున్నది. సూది జారి పడ్డది. మల్ల తీసి పెట్టుకున్నది. మల్ల పడ్డది. నేను అన్నం తినకుంటనే ఆఫీసుకు పోయిన.

బావ రెండు రోజులకోసారి వచ్చేటోడు. బస్సుల వచ్చి, గల్లీ మొదట్ల దిగి నడుసుకుంట వచ్చేటోడు. అక్క లోపలికెళ్లి దర్వాజ పెట్టుకునేది. అమ్మ ఆయనకు నీళ్లు గూడ ఇయ్యకపోయేది. అక్క పెద్దమనుషులను పిలుస్తనన్నది, రాఖీ పున్నం పోయినంక వచ్చే ఆయితారం కూసోవాలె, ఇగ ఆ మనిషితోని నేను ఉండ అన్నది. వాళ్ల బిడ్డ ఇంటర్ చదువుతది. ఆ పిల్ల ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ, పుస్తకాల బ్యాగు భుజానికేసుకొని తిరుగుతున్నది. ఒకరోజు బావ పోతా పోతా గేటు కాడ నన్ను ఆపిండు.

"బామ్మర్దీ, తాగింది నేనే, బండి గుద్దింది నేనే, ఆమె చెయ్యి పోయింది నాతోనే. కేసు నా మీదనే ఉండనియ్యి. కానీ దొంగతనంగ తాగలే. అదొక్కటి నువ్వు చెప్తే ఆమె నమ్ముతది" అన్నడు.

జర కోపం తగ్గనియ్యి బావా, చూద్దాం అన్న. ఆయన తలకాయ ఊపి పోయిండు. నన్ను తిట్టలే, బతిలాడలే. తెల్లారి ఆఫీసుల కూసొని ఇరవైసార్లు అనుకున్న, ఇయ్యాల చెప్పాలె అని. ఇంటికొస్తే అక్క ఎడమచేత్తోని చాయ్ కప్పు పట్టుకొచ్చి నా ముంగట పెట్టేది. తమ్మీ, నువ్వు లేకపోతే నేను యాడికి పోదును అనేది. ఆ మాట ఇన్నంక నోరెట్ల లేస్తది? లేవాలె. లేవలే.

మా ఇంటామె ఎక్వ మాట్లాడే మనిషి కాదు. రాఖీకి ముందునాడు బట్టలు మడతపెట్టుకుంట నా దిక్కు చూడకుంటనే చెప్పింది, ఆయితారం పెద్దమనుషులు కూసునే ముందు నువ్వు చెప్తే సరి, లేకుంటే గుడ్ల పళ్లెం తెచ్చిన నేను చెప్త, అప్పుడు ఆమెకు నువ్వు దక్కవు అన్నది. ఇప్పుడు చెప్తె మాత్రం దక్కుతనా అని అడిగిన. అది నాకు తెల్వదన్నది.

రాఖీ నాడు అక్క తానం చేసి, కొత్త చీర మా ఇంటామెతోని కట్టించుకొని వచ్చింది. పళ్లెంల కుంకుమ, బియ్యం, మిఠాయి. నేను పీట మీద కూసొని చెయ్యి చాపిన. ఎడమచేత్తోని బొట్టు పెట్టింది. దారాన్ని నా మణికట్టు మీద ఏసింది. ముడి ఏసుడు ఒక్క చేత్తోని కాదు కదా. మా ఇంటామె కడ్తనంటే, ఉండనియ్యి, నా తమ్మునికి నేనే కడ్త అన్నది. వంగి, ఒక కొనను పండ్లతోని పట్టుకొని, ఇంకో కొనను ఎడమచేత్తోని గుంజింది. ఆమె ఊపిరి నా చేతికి తగులుతున్నది. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడ్డది. తలకాయెత్తి నవ్వింది, చూసినవా అన్నట్టు.

నాతోని కాలే.

"నాలుగు తాగిండక్కా" అన్న. "నేనే పోసిన. ఆయన గిలాస బోర్లిస్తే నేనే మల్ల నిలబెట్టి పోసిన. నీకు అబద్ధం చెప్పిన. బావ దొంగతనంగ ఏం తాగలే."

అమ్మ సోఫాల నుంచి లేచింది. మా ఇంటామె పళ్లెం పట్కొని అట్లనే నిలబడ్డది. నేను ఏడుస్తున్న. నలభై ఏండ్లు దాటినోన్ని, చిన్న పోరని లెక్క ముక్కు చీదుకుంట ఏడుస్తున్న. ఆమె ఏడ్వలే. తిట్టలే. తిడితే బాగుండు, చెప్పు తీసి కొడితే ఇంకా బాగుండు.

"నేను తాళంచెవి చేతుల పట్టుకొని అడిగిన తమ్మీ" అన్నది. "నా చేతుల ఉండె తాళంచెవి."

తర్వాత, బావకు నువ్వే ఫోన్ చెయ్యి, నాకు చెప్పినట్టె చెప్పు, నేను వింట అన్నది. స్పీకర్ పెట్టి చేసిన. చెప్పిన. అటు నుంచి గోదాంల మూటలు దించే చప్పుడు ఇనపడ్డది. ఆఖరికి బావ, పోసింది నువ్వైనా తాగింది నేనే, నా నోరు నాది కాదా అన్నడు. ఇంకా జరసేపటికి, ఆమె నమ్మిందా అని అడిగిండు. అక్క ఫోన్ తీస్కొని, వచ్చి తోల్కపో అన్నది. ఆయన గోదాం నుంచి సీదా ఆటోల వచ్చిండు. అమ్మ ఈసారి నీళ్లిచ్చింది. ఆయన ఒక్క చేత్తోని సంచి, ఇంకో చేత్తోని ఆమె భుజం పట్టుకొని గల్లీల నడిపిచ్చుకుంట పోయిండు. పెద్దమనుషులు కూసోలే.

ఇది జరిగి రెండేండ్లు దాటింది. బావకు కోర్టుల శిక్ష పడ్డది, లైసెన్స్ ఆపిన్రు. మందు ముట్టుడు పూర్తిగ బంద్ చేసిండు. అక్క చెయ్యి సగమే వచ్చింది. కూర తరుగుతది, జడ ఏసుకుంటది, సూది మాత్రం పట్టనీకె రాదు. గల్లీ ఆడపిల్లలు ఇద్దరు ఆమె మగ్గం మీద కూసొని కుడుతుంటే పక్కకు కూసొని నోటితోని చెప్తది, గట్ల కాదు, ఇంకొంచెం గుంజు, ముడి లోపటికి పోవాలె అని. చెప్పుకుంట చెప్పుకుంట ఆమె ఏళ్లు గాలిల కదులుతుంటయి.

నేను ఇప్పుడు ఎవలకు పొయ్య. మా ఇంట్ల సీసా లేదు. చిన్నాయినకు దీని మీద చాన కోపం. బాపు పోయినంక ఆ ఇంట్ల మర్యాద గూడ పోయిందని అందరికి చెప్పుకుంట తిరుగుతడు. పోయినేడు ఆయన పెద్దకొడుకు ఫంక్షన్ హాల్ల తాగి పిల్లలను ఎక్కించుకొని బండి స్టార్ట్ చేస్తుంటే ముంగట నిలబడి తాళంచెవి గుంజుకున్న. నువ్వా నాకు చెప్పెటోనివి అన్నడు. నిజమే, నేనే. నాకే బాగ తెల్సు కాబట్టి చెప్తున్న అన్న. ఇప్పటిదాంక మాట్లాడడు. మాట్లాడకపోతే పాయె.

అక్క మాత్రం నాతోని మాట్లాడుతది. పండుగలకు వస్తది, రాఖీ కడ్తది, నా పిల్లలకు మురుకులు చేసి పంపుతది. ఆ రోజు ముచ్చట ఒక్కసారి గూడ ఎత్తలే. దుఃఖపడ్డ ముచ్చట గూడ నాతోనే చెప్పుకుంటది. కోపం లేదని అందరు అంటరు, నేను గూడ అట్లనే అనుకుందామని చూస్త.

మొన్న పొద్దుగాల ఫోన్ చేసింది. అమ్మకు బీపీ ఎక్వైందని డాక్టర్ కొత్త గోలీ రాసిండు, అది ఏస్కుందా అని అడిగింది. ఏస్కున్నదక్కా, ఇప్పుడే నా చేతుల్తోనే ఇచ్చిన అన్న. నిజంగనే ఇచ్చిన. నీళ్ల గిలాస ఇంకా నా చేతులనే ఉంది.

"మంచిది" అన్నది. ఎంబడే, "ఫోను ఒకసారి మరదలికియ్యి" అన్నది.

నేను ఫోను తీస్కపోయి వంటింట్ల ఇచ్చిన.